ఇంట్లో చివరి రోజుల మనిషిని చూసుకోవడం ఎలా: ముందు రాత్రిని చక్కబెట్టండి

నేను ఇళ్లకు వెళ్లి చూసే నర్సును. క్యాన్సర్ ముదిరినవాళ్లు, కిడ్నీలు పాడై ఇక డయాలసిస్ వద్దనుకున్నవాళ్లు, పక్షవాతంతో ఏళ్ల తరబడి మంచం మీదున్న పెద్దవాళ్లు నా పేషెంట్లు. ఇంట్లోకి వెళ్లగానే బీపీ మిషన్ తీయను. మంచం పక్కన కూర్చుని ఒకటే అడుగుతాను: "రాత్రి ఎలా గడిచింది?" పేషెంటు జవాబు చెప్పలేకపోయినా పర్వాలేదు, గుమ్మంలో నిలబడ్డ కోడలి కళ్లు చూస్తే తెలిసిపోతుంది.

పగలు నొప్పిని ఎలాగో ఓర్చుకుంటారు. వచ్చేపోయేవాళ్లు ఉంటారు, టీవీ మోగుతుంటుంది, మనవడు స్కూల్ నుంచి వస్తాడు. రాత్రి పదకొండు దాటాక నొప్పి, ఆయాసం, భయం, దిగులు అన్నీ ఒక్కసారే మీదపడతాయి. రాత్రి సరిగ్గా గడిస్తే మర్నాడు ఇంటిల్లిపాదీ మనుషుల్లా ఉంటారు. "ఇక ఇంటికి తీసుకెళ్లండి" అని ఆసుపత్రిలో చెప్పిన రోజున మీ చేతిలో డిశ్చార్జి కాగితం, మందుల కవరు తప్ప మరేమీ ఉండవు. ఆ రోజు నుంచి ఏం చేయాలో చెప్తాను. మందుల మోతాదులు మాత్రం మీ డాక్టరు రాసినవే, నేను చెప్పేది వాటిని ఎలా వాడాలన్నదే.

మొదట ఒక నోటుబుక్కు పెట్టండి

పిల్లలు సగం రాసి వదిలేసిన పుస్తకమైనా చాలు. పేజీలో అయిదు గడులు గీయండి: టైము, నొప్పి ఎంత, ఏ మందు ఇచ్చాం, ఎంతసేపు పడుకున్నారు, విరేచనం అయిందా. పెన్నుకు దారం కట్టి పుస్తకానికే వేలాడదీయండి, లేకపోతే రెండో రోజుకే పెన్ను మాయం. పగలు కోడలు, రాత్రి కూతురు చూసుకునే ఇళ్లలో ఈ పుస్తకం లేక ఒకే మాత్ర రెండుసార్లు పడటం చూశాను, ఎవరికి వారు అవతలివాళ్లు వేశారనుకుని అసలు వేయకపోవడమూ చూశాను.

డాక్టరుకు ఫోన్ చేసి "నిన్నటి నుంచి బాగా నొప్పండీ" అంటే ఆయనకు ఏమీ తేలదు. "రాత్రి పదకొండుకి, ఒంటిగంటకి, మూడుకి నొప్పితో లేచారు" అని పుస్తకం చూసి చెప్తే, ఫోన్‌లోనే మోతాదు మార్చగలడు.

నొప్పి ఎంతో అడిగి తెలుసుకోండి

"నొప్పిగా ఉందా నాన్నా?" అంటే మన పెద్దవాళ్లు చాలామంది "ఏం లేదులే" అంటారు. పిల్లల్ని ఇబ్బంది పెట్టడం ఇష్టం ఉండదు. ఉందంటే మళ్లీ ఆసుపత్రికి లాక్కెళ్తారన్న భయం కూడా. ఆసుపత్రిలో సున్నా నుంచి పదిలో ఎంత అని అడుగుతారు. మా ఊళ్లలో ఆ లెక్క కొందరికి ఎక్కదు. నేను రూపాయి లెక్క అడుగుతాను.

నోట్లో క్యాన్సరున్న ఒక పెద్దాయన, పల్లెలో కల్లు గీసి బతికిన మనిషి. "పెద్దాయనా, భరించలేని నొప్పి రూపాయి అనుకో. ఇప్పుడెంత ఉంది?" అన్నాను. కాసేపు లెక్కేసుకుని మూడు వేళ్లు చూపించాడు. నాకు అర్థం కాలేదు. పక్కనున్న భార్య చెప్పింది: "బారాణా అంటుండమ్మా." రూపాయిలో ముప్పావలా నొప్పి పెట్టుకుని అంతకుముందు వారమంతా ఆయన "ఏం లేదు" అంటూ వచ్చాడు. మందు సర్దిన మూడో రోజు వెళ్లేసరికి నన్ను చూడగానే ఒక వేలు ఎత్తాడు. చారాణా. రాత్రి అయిదు గంటలు నిద్రపోయాడట.

ఎంత అన్నది ఒక్కటే కాదు, ఎలాంటి నొప్పో కూడా వాళ్ల మాటల్లోనే రాసుకోండి. నొప్పికి మన భాషలో ఉన్నన్ని మాటలు డాక్టర్ల ఫారాల్లో లేవు. సలుపు, పోటు, తీపు, గుంజుడు, కోత, మంట, తిమ్మిరి. ఇందులో మంట, సూదులు గుచ్చినట్టు, కరెంటు కొట్టినట్టు అన్న మాటలు వినపడితే అది నరాల నొప్పి కావచ్చు. దానికి మామూలు నొప్పి మాత్రలు సరిగ్గా పనిచేయవు, అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్ లాంటివి వేరే ఉంటాయి. మీరు "కాలు నొప్పి" అని ఊరుకుంటే ఆ మందు రాయాలన్న ఆలోచనే డాక్టరుకు రాకపోవచ్చు.

మాట్లాడలేనివాళ్లయితే ముఖం చూడండి. నుదురు ముడతపడటం, పక్క తిప్పేటప్పుడు పళ్లు బిగించడం, దుప్పటి గట్టిగా పట్టుకోవడం, మూలుగు. కదిపినప్పుడే ఇవి కనిపిస్తుంటే, స్నానం, డ్రెస్సింగ్, పక్క మార్చడం లాంటి పనులకు అరగంట ముందు మందు పడేలా టైము సర్దుకోండి.

ఎంత మందు వేసినా తగ్గని నొప్పి ఒకటుంటుంది. లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్, అంటే చివరి రోజుల పేషెంట్లను చూసుకునే చోటు, తెరిచిన సిసిలీ సాండర్స్ మొదట నర్సు, తర్వాత సోషల్ వర్కరు, ఆ తర్వాతే డాక్టరయ్యారు. ఒంటి బాధ, మనసు బాధ, ఇంటి బాధ, దేవుడి మీద అలక అన్నీ కలిసి ఒకే నొప్పిగా వస్తాయని చెప్పింది ఆవిడే. నేను చూసిన ఒకాయనకు మోతాదు రెండుసార్లు పెంచినా రాత్రిళ్లు నిద్ర లేదు. చివరికి తెలిసిందేమిటంటే, ఆయన నడిపిన చిట్టీలో పక్కింటామెకు ఇవ్వాల్సిన డబ్బు ఉండిపోయింది. కొడుకు ఆ డబ్బు తెచ్చి ఆయన కళ్లముందే లెక్కపెట్టి ఇచ్చాడు. మందు పెంచకుండానే నొప్పి సగానికి దిగింది. "నీ మనసులో ఏముంది" అని అడిగితే ఎవరూ చెప్పరు. "ఏ పనైనా మిగిలిపోయిందా నాన్నా?" అని అడిగి చూడండి.

మందు నొప్పిని బట్టి కాదు, గడియారాన్ని బట్టి

మార్ఫిన్ అనగానే ఇంట్లో గొంతులు తగ్గిపోతాయి. "అంటే ఇక అయిపోయినట్టేనా సిస్టర్?" అని వంటింట్లోకి పిలిచి అడుగుతారు. కాదు. మార్ఫిన్ నొప్పికి ఇస్తారు, చావుకు కాదు. నెలల తరబడి మార్ఫిన్ వేసుకుంటూ మనవరాలి ఓణీల ఫంక్షన్‌లో కూర్చున్నవాళ్లు ఉన్నారు. నొప్పికి సరైన మోతాదులో వాడేవాళ్లు దానికి బానిసలైపోవడం చాలా అరుదు.

ఈ భయం వెనక చట్టం కూడా ఉంది. 1985లో మత్తుమందుల చట్టం వచ్చాక లైసెన్సుల గొడవ భరించలేక చాలా ఆసుపత్రులు మార్ఫిన్ తెప్పించడమే మానేశాయి. 2014లో చట్టాన్ని సవరించాక, గుర్తింపు పొందిన ఆసుపత్రి ఒకే అనుమతితో తెచ్చిపెట్టుకోవచ్చు. అయినా వీధి చివర మెడికల్ షాపులో ఇది దొరకదు. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖ దగ్గర అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి లాంటి చోట్ల, జిల్లా ఆసుపత్రుల్లో ఉన్న పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే వైద్యం) విభాగాల్లో అడగాలి. పేషెంటు రాలేకపోతే చీటీలు, ఆధార్ పట్టుకుని ఇంట్లోవాళ్లు వెళ్లవచ్చా అని ముందే ఫోన్ చేసి కనుక్కోండి. మాత్రలు అయిపోవడానికి వారం ముందే బయల్దేరండి, శనివారం సాయంత్రం చివరి మాత్ర వేసి ఆదివారం నాకు ఫోన్ చేస్తే నేనూ ఏమీ చేయలేను.

మామూలు మార్ఫిన్ మాత్ర మింగిన అరగంటకు పనిచేయడం మొదలుపెట్టి సుమారు నాలుగు గంటలు ఉంటుంది. అందుకే ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10 అని టైములు పెడతారు. రాత్రి 2 గంటలకు లేపకుండా ఉండటానికి 10 గంటల మోతాదును రెట్టింపు రాయడం మామూలే, చీటీలో అలా ఉంటే కంగారుపడకండి. ఫోన్‌లో అయిదు అలారాలు పెట్టుకోండి. నొప్పి లేదు కదా అని 2 గంటల మాత్ర ఎగ్గొడితే సాయంత్రానికి నొప్పి కొండంత అవుతుంది, దాన్ని దించడానికి ఇంకా ఎక్కువ మందు పడుతుంది. మధ్యలో నొప్పి తన్నుకొస్తే వేయడానికి అదనపు మోతాదు ఎంతో ముందే రాయించుకోండి. రోజుకు మూడుసార్లకు మించి అది అవసరమైతే డాక్టరుకు చెప్పాలి.

మార్ఫిన్‌తో పాటు విరేచనం మందు మొదటి రోజు నుంచే వేయాలి. వాంతి, మత్తు రెండు మూడు రోజుల్లో సర్దుకుంటాయి, మలబద్ధకం మాత్రం మార్ఫిన్ ఉన్నన్నాళ్లూ ఉంటుంది. మూడు రోజులు విరేచనం కాకపోతే ఫోన్ చేయండి. నొప్పి మాత్రలకు భయపడినవాళ్లు ఎవరూ మలబద్ధకానికి భయపడరు, నన్ను అర్ధరాత్రి పిలిచేది మాత్రం ఎక్కువగా దానికే.

ఎంత తట్టిలేపినా లేవకుండా, నిమిషానికి ఎనిమిది కన్నా తక్కువ ఊపిరులు తీస్తూ, కంటిపాపలు సూదిమొనంత అయిపోతే మందు ఎక్కువైందని అర్థం. తర్వాతి మాత్ర ఆపి వెంటనే డాక్టరుకు చెప్పండి. కిడ్నీలు పాడైనవాళ్లలో మార్ఫిన్ ఒంట్లో పేరుకుపోతుంది కాబట్టి కిడ్నీ సంగతి డాక్టరుకు ముందే గుర్తుచేయండి. నొప్పికి చర్మానికి అంటించే ఫెంటానిల్ ప్యాచ్ ఇస్తే దాన్ని కత్తిరించకూడదు, దాని మీద వేడినీళ్ల కాపడం పెట్టకూడదు. నొప్పి ఆగడం లేదని ఆర్.ఎం.పి.ని పిలిచి డైక్లోఫినాక్ ఇంజెక్షన్లు వరసగా చేయించకండి, ఉన్న కిడ్నీలు కూడా పోతాయి.

నిద్ర పట్టనప్పుడు నిద్రమాత్ర కన్నా ముందు చూడాల్సినవి

నొప్పి తగ్గినా నిద్ర రాకపోతే మందుల కవరు బల్ల మీద గుమ్మరించి టైములు చూడండి. డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ సాయంత్రం పడితే తెల్లవార్లూ కళ్లు తెరుచుకునే ఉంటారు, దాన్ని ఉదయం టిఫిన్ తర్వాతకు మార్చమని అడగండి. మూత్రం ఎక్కువగా వచ్చే మాత్ర కూడా ఉదయమే వేయాలి.

తర్వాత ఒళ్లు చూడండి. మూత్రం బిగబట్టి పొట్ట కింది భాగం ఉబ్బి ఉందా? క్యాథెటర్ గొట్టం తొడ కింద నలిగిపోయిందా? డైపర్ తడిసిందా? నోరు ఎండిందా? వీపు, పిరుదులు, మడమల దగ్గర ఎర్రబడిందా? రెండు గంటలకోసారి పక్క మార్చాలని పుస్తకాల్లో ఉంటుంది. ఎయిర్ బెడ్ ఉంటే రాత్రిపూట ఇంకొంచెం ఎడంగా మార్చినా ఫర్వాలేదేమో నర్సును అడగండి, మీకూ కాస్త కునుకు పడుతుంది. పుండు వాసన వస్తుంటే చాలామంది సిగ్గుతో ఎవర్నీ గదిలోకి రానివ్వరు, ఆ ఒంటరితనానికే నిద్ర పట్టదు. వాసనకు మెట్రోనిడజోల్ మాత్ర పొడిచేసి పుండు మీద చల్లే పద్ధతి ఉంది, డ్రెస్సింగ్ చేసే నర్సును అడగండి. అగరొత్తులు వెలిగించకండి, ఆయాసం పెరుగుతుంది.

ఆయాసంతో నిద్ర రానివాళ్లకు తల వైపు ఎత్తు పెట్టి, కిటికీ తెరిచి, చిన్న టేబుల్ ఫ్యాన్ గాలి ముక్కు, బుగ్గల మీద తగిలేలా పెట్టండి. వట్టి ఫ్యాన్ గాలికి అంత తేడా ఉంటుందా అనుకుంటారు. ఉంటుంది, పెట్టి చూడండి.

కొందరు చీకటిపడేసరికి అదోలా అయిపోతారు. లేనివాళ్లతో మాట్లాడతారు, దుప్పటి పీకుతారు, "ఊరికి పోదాం పద" అంటారు. పాతవాళ్లు సంధి అనేది దీన్నే. దయ్యం పట్టిందని తాయెత్తు కట్టినవాళ్లనీ, గట్టిగా అరిచి మంచానికి కట్టేసినవాళ్లనీ చూశాను. కట్టేస్తే గాభరా ఇంకా పెరుగుతుంది. చిన్న లైటు వేసి ఉంచండి. గడియారం కనపడేలా పెట్టండి. కళ్లజోడు, చెవి మిషన్ ఉంటే తగిలించండి. "అమ్మా, నేను సుబ్బుని. మనింట్లోనే ఉన్నాం, రాత్రయింది" అని మెల్లగా చెప్పండి. వాదించకండి. మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్, కొత్తగా మొదలెట్టిన మందు, వీటిలో ఏదో ఒకటి కారణం కావచ్చు, ఉదయమే డాక్టరుకు చెప్పండి. మీ అంతట మీరు నిద్రమాత్ర వేస్తే కొందరికి ఈ గందరగోళం ముదురుతుంది.

ఇక మీ నిద్ర. ఒక్కరే రోజూ రాత్రి మేలుకోవడం వారానికి మించి సాగదు. కోడలో కూతురో ఎవరో ఒక ఆడమనిషి నెత్తిన మొత్తం పెట్టేసి, మగవాళ్లు "డబ్బు మేం చూసుకుంటున్నాం కదా" అనడం నాకు ప్రతి వీధిలో వినపడుతుంది. రాత్రిని రెండు ముక్కలు చేయండి. పది నుంచి రెండు ఒకరు, రెండు నుంచి ఆరు ఒకరు. మగవాళ్లకు పక్క మార్చడం రాదంటే ఒక మధ్యాహ్నం నేర్పిస్తాను, వస్తుంది.

తిండి, సెలైన్

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. మా నాన్న పోయేముందు నాలుగు రోజులు ఏమీ మింగలేదు. "నర్సువై ఉండి తండ్రిని ఎండగడుతున్నావా" అన్నారు చుట్టాలు. నాకు తెలిసిందంతా పక్కన పెట్టి, నా చేత్తోనే సెలైన్ ఎక్కించాను. మర్నాటికి చేతులు, కాళ్లు ఉబ్బాయి. గొంతులో గరగర మొదలైంది. ఆ చప్పుడు ఇల్లంతా వినపడేది. చివరి రెండు రోజులూ నాన్న కన్నా ఆ చప్పుడునే ఎక్కువ గుర్తుపెట్టుకున్నాం.

ఒళ్లు మూతపడుతున్నప్పుడు ఆకలి, దాహం వాటంతటవే తగ్గిపోతాయి. తినకపోవడం వల్ల ఆయన పోవడం లేదు, పోతున్నారు కాబట్టి తినడం లేదు. ఆ దశలో ఎక్కించిన నీళ్లను గుండె, కిడ్నీలు తోడలేవు. అవి చర్మం కిందికి, ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. అడిగితే పెట్టండి: రెండు చెంచాల మజ్జిగ, ఒక ఐస్ ముక్క, నాలుక మీద చింతకాయ పచ్చడి రవ్వంత. తల ఎత్తి, మెలకువలో ఉన్నప్పుడే, గుటక పడిందో లేదో చూసి రెండో చెంచా. బలవంతంగా పోసిన జావ ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

నోరు మాత్రం వదలకండి. గ్లాసు నీళ్లలో చిటికెడు ఉప్పు, చిటికెడు వంటసోడా కలిపి, వేలికి మెత్తటి గుడ్డ చుట్టి రెండు గంటలకోసారి చిగుళ్లు, నాలుక తుడవండి. పెదాలకు కొబ్బరినూనె రాయండి. తినిపించలేని చేతులకు ఇదొక పని. చుట్టాలు గొడవ చేస్తే ఆ పని వాళ్లకే అప్పజెప్పండి.

చెప్పాలా వద్దా

"ఆయనకు మాత్రం చెప్పకండి సిస్టర్." గుమ్మం బయటే నన్ను ఆపి చెప్పే మాట ఇది. లోపలికి వెళ్తే పెద్దాయన "నాకు తెలుసని మావాళ్లకు చెప్పకమ్మా, తట్టుకోలేరు" అంటాడు. ఒకే ఇంట్లో ఇద్దరూ ఎవరికి వారు రాత్రంతా పైకప్పు చూస్తూ పడుకుంటారు. మీరే పనిగట్టుకుని చెప్పాల్సిన అవసరం లేదు. అడిగితే అబద్ధం చెప్పకండి, అంతే. "నేను బతుకుతానా?" అంటే "నీకేమనిపిస్తోంది నాన్నా?" అని తిరిగి అడగండి. ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారో జవాబులోనే తెలుస్తుంది.

ఆ మాట నడిచిన రోజున ఇంకొకటి కూడా అడిగేయండి: చివర్లో ఇల్లా, ఆసుపత్రా? వెంటిలేటర్ వద్దనుకుంటే ముందే రాసిపెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులువు చేసి, ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం చాలన్నది. కాగితం లేకపోయినా అన్నదమ్ములంతా ఒక మాట మీద ఉండాలి. లేకపోతే చివరి గంటలో ఎవరో ఒకరు 108కి ఫోన్ చేస్తారు. వాళ్ల పని ప్రాణం కాపాడటం, తీసుకెళ్తారు. ఇంట్లో పోవాలన్న మనిషి అంబులెన్స్‌లో పోతాడు.

చివరి రెండు మూడు రోజులు

రోజంతా నిద్ర. మూత్రం తగ్గి ముదురు రంగులోకి మారడం. చేతులు, కాళ్లు చల్లబడి మోకాళ్లు, పాదాల మీద ఊదారంగు మచ్చల్లాంటివి. ఊపిరి వేగంగా వచ్చి, నెమ్మదించి, కాసేపు ఆగి, మళ్లీ మొదలవడం. గొంతులో గరగర. ఇవి కనిపిస్తే దగ్గర పడిందని అర్థం. గరగర వినేవాళ్లకు భయంకరంగా ఉంటుంది, ఆ మనిషికి మాత్రం చాలావరకు తెలియదు. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, ఎక్కువైతే తగ్గించే మందు ఉంది, అడగండి. మింగలేకపోతున్నారని నొప్పి మందు ఆపేయకండి, నాలుక కిందో, చర్మం కిందో ఇచ్చే దారులున్నాయి. ఆ మందు ఇంట్లోకి ముందే తెప్పించుకోండి.

అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉన్న పిల్లలకు ఈ గుర్తులు కనపడగానే చెప్పండి. "ఇంకా చూద్దాం" అనుకుంటే వాళ్లు ఫ్రీజర్ బాక్సు దగ్గరికి వస్తారు. రాలేనివాళ్ల ఫోన్‌ను చెవి దగ్గర పెట్టండి. జవాబు లేకపోయినా వినపడుతూ ఉండవచ్చు, అందుకే మంచం పక్కన ఆస్తి పంపకాలు మాట్లాడకండి.

అద్దె ఇంట్లో ఉంటే ఓనరుతో ముందే మాట్లాడండి. ఇది రాయడానికే కష్టంగా ఉంది, కానీ శవాన్ని లోపలికి రానివ్వం అన్నవాళ్లనీ, నక్షత్రం బాగాలేదని ప్రాణం ఉండగానే మనిషిని వాకిట్లోకి మార్పించినవాళ్లనీ చూశాను. ఒప్పుకోరని తేలితే అన్న ఇంటికో, హాస్పిస్‌కో వారం ముందే మార్చే వీలుంటుంది. ఆఖరి రాత్రి ఆ వీలుండదు.

మంచం మీద ప్రాణం పోకూడదని కింద పడుకోబెట్టే ఆచారం మీ ఇంట్లో ఉంటే ముందు రోజే నేల మీద పరుపు వేసి సిద్ధంగా ఉంచండి. రెక్కలు, కాళ్లు పట్టి లాగకండి. నొప్పి మందు పడిన అరగంటకు, ఒంటి కిందున్న దుప్పటిని నలుగురు నాలుగు మూలలా పట్టుకుని ఒక్కసారే దించండి. తులసి తీర్థం పోయాలనుకుంటే చెంచాతో గొంతులో పోయకండి, తులసాకును తీర్థంలో ముంచి పెదాల మీద, చిగుళ్ల మీద అద్దండి. జమ్‌జమ్ నీళ్లయినా, చర్చి నుంచి తెచ్చిన నూనె అయినా ఇదే పద్ధతి.

ఊపిరి ఆగాక ఏ తొందరా లేదు. కళ్లు మూయండి, కావలసినంతసేపు పక్కన కూర్చోండి. నేత్రదానం చేయాలనుకుంటే ఆరు గంటల లోపు కళ్లు తీసుకోవాలి. ఫ్యాన్ ఆపి, మూసిన రెప్పల మీద తడి దూది పెట్టి ఐ బ్యాంకుకు ఫోన్ చేయండి. చూసిన డాక్టరు దగ్గర మరణానికి కారణం రాసిన కాగితం తీసుకోండి. మరణాన్ని 21 రోజుల్లోగా పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో నమోదు చేయించాలి. పింఛను, బీమా, బ్యాంకు అన్నిటికీ అదే మొదటి కాగితం.

పదకొండో రోజు తర్వాత

దినాలు అయ్యేవరకు ఇంటినిండా జనం. పిట్టకు పెట్టడం, భోజనాలు, బంతులు. పన్నెండో రోజు సాయంత్రానికి షామియానా విప్పేస్తారు, ఆ రాత్రి ఇల్లు ఒక్కసారిగా ఖాళీ. మీరు వెళ్లాల్సింది అప్పుడు. "ఏదైనా కావాలంటే ఫోన్ చెయ్యి" అనకండి, ఎవరూ చేయరు. "గురువారం బ్యాంకుకు నేను తీసుకెళ్తా పిన్నీ" అనండి. పోయినాయన పేరు ఎత్తి మాట్లాడండి. "ఏడవకు", "పుణ్యాత్ముడు, ఎక్కువ బాధపడకుండా పోయాడు" అన్న మాటలు ఆవిడ అప్పటికే వందసార్లు విని ఉంటుంది. గాజులు, బొట్టు తీయించాలా వద్దా అన్నది ఆవిడనే అడగండి, ఆవిడ వద్దంటే అడ్డంగా నిలబడండి.

నిద్ర పట్టడం లేదని పక్కింటివాళ్ల ఆల్ప్రజోలం మాత్ర తెచ్చి వేయకండి. మొదట్లో నిద్ర లేకపోవడం జబ్బు కాదు, ఆ మాత్ర అలవాటైతే అది జబ్బు. పగలు కాస్త ఎండలో నడవడం, మధ్యాహ్నం తర్వాత టీ మానేయడం, కొన్నాళ్లు ఆ గదిలో ఇంకెవరైనా తోడు పడుకోవడం చాలామందికి సరిపోతుంది. మగవాళ్లు మందు గ్లాసుతో నిద్ర తెచ్చుకోవాలని చూస్తారు, గమనించండి. పిల్లలకు "తాతయ్య నిద్రపోయాడు" అని చెప్పకండి. అలా చెప్పిన ఇంట్లో ఆరేళ్ల పాప రాత్రి పడుకోనంటూ నెలంతా ఏడ్చింది. చనిపోయాడు, ఇక రాడు, నువ్వు చేసిందేమీ లేదు అని చెప్పండి.

ఆరు నెలలు, ఏడాది దాటినా పనిలో పడలేకపోతుంటే, బతకాలని లేదు అన్న మాట ఒక్కసారి వినపడినా, ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. 14416 టెలీ మానస్ నంబరు, మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్. రాత్రి పూట కూడా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు.

మిగిలిన మార్ఫిన్ మాత్రల్ని ఇంట్లో ఉంచకండి, ఎవరికీ ఇవ్వకండి, లెక్కపెట్టి తెచ్చిన చోటే అప్పజెప్పండి. వాటికోసం నేనే మళ్లీ వెళ్తుంటాను. మొన్న అలా వెళ్లినప్పుడు, కల్లుగీత పెద్దాయన భార్య కొంగున కట్టుకున్న మాత్రల స్ట్రిప్పు విప్పి నా చేతిలో పెట్టింది. పదకొండు మాత్రలు. పుస్తకంలో రాస్తుంటే ఆవిడ ఫోన్ మోగింది. మధ్యాహ్నం 2 గంటల అలారం. ఇద్దరం దాన్ని చూశాం. "రాత్రి రెండుకు కూడా మెలకువొస్తుందమ్మా, పక్క మార్సే టైముకు," అంది. కాసేపు మోగనిచ్చి, తానే ఆపింది. ఆ అలారం తీసేయమని నేను చెప్పలేదు. వచ్చే వారం మళ్లీ వస్తానని చెప్పి, రాత్రి పక్కన పడుకోవడానికి మనవరాల్ని పంపమని వాళ్ల కోడలికి ఫోన్ చేశాను.